ఒకే గుత్తిలో రెండు తాళంచెవులు

కిందటి వారం గోదాను మనం పొగమంచులో, నడిరోడ్డు మీద వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. స్కూటరు మీద తను, వెనక వాళ్ళ నాన్న రంగరాజు, ఎదురుగా మంచులోంచి ఊగుతూ వచ్చిన ఎర్రలైటు కర్ర. ఆ కర్ర పట్టుకున్న చెయ్యి ఎవరిదో చెప్పకుండా ఆపేసినందుకు నన్ను తిట్టినవాళ్ళు ఉన్నారు. దెయ్యమూ కాదు, దొంగా కాదు. పోలీసు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం వెనకటి సంగతి కాస్త చెప్పాలి. రంగరాజు తుమ్మలకోన వేణుగోపాలస్వామి గుడి అర్చకుడు. చంద్రగిరి దాటి పాకాల వైపు పోతుంటే రోడ్డు నుంచి ఎడమకు చీలే చిన్న ఊరు అది. ఆయన కొడుకు శ్రీకృష్ణ, కొన్నేళ్ళ కిందట, రూతు అనే నర్సును పెళ్ళి చేసుకున్నాడు. ఆ రోజు రంగరాజు కొడుకు చేతిలోంచి గుడి తాళంచెవి తీసుకుని, "ఇది నీ చేతికి మళ్ళీ రాదు" అన్నాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. కూతురు గోదా తిరుపతిలో ఒక లాయరు దగ్గర జూనియరు. ఈమధ్యే కంటి ఆపరేషన్ చేయించుకున్న రంగరాజు నిన్న సాయంత్రం గుడి మూసి, డాక్టరుకు చూపించుకోవడానికి తిరుపతి వచ్చి, కూతురి గదిలోనే పడుకున్నాడు. ధనుర్మాసం కాబట్టి పొద్దు పొడవక ముందే స్వామికి పొంగలి ఆరగింపు కావాలి. అందుకే ఇద్దరూ మసకచీకట్లోనే బయలుదేరారు. బయలుదేరేటప్పుడు గోదా, ఊళ్ళో ఉన్న అమ్మకు ఫోన్ చేసి, "అమ్మా, బయల్దేరినాం" అని చెప్పింది. ఆ మాటను కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక రోడ్డు మీదికి వద్దాం.

"ఆపు, ఆపు. బండి పక్కకు తియ్యి," అన్నాడు కానిస్టేబులు. వయసులో ఉన్న మనిషి. చొక్కా మీద భానుచందర్ అని పేరుంది. కుడికాలు కొంచెం ఈడ్చి నడుస్తున్నాడు.

గోదా బండి పక్కకు తీసింది. స్టాండు వేసేలోపే అతని చెయ్యి ముందుకు వచ్చి, తాళంచెవి తిప్పి, లాగేసుకుంది. ఇంజను చప్పుడు ఆగిపోయింది. అంతసేపూ దాని కింద దాక్కున్న నిశ్శబ్దం మెల్లగా పైకి లేచింది. చింతచెట్ల ఆకుల మీంచి మంచు బొట్లు బొట్లుగా రాలడం కూడా వినబడుతోంది.

"పెద్దాయన హెల్మెట్ యాడ?"

"ఈడనే ఉండాది నాయనా," అన్నాడు రంగరాజు, ఒళ్ళో పెట్టుకున్న హెల్మెట్ చూపిస్తూ. దాని నిండా తులసి ఉంది.

భానుచందర్ టార్చి వేసి చూశాడు. తులసిని చూశాడు. ఒక కంటికి కట్టు, నుదుటి మీద ఇంకా తడి ఆరని నామం, వెనక చిన్న పిలక ఉన్న మనిషిని చూశాడు.

"దీన్ని తలకు పెట్టుకోవాల స్వామీ."

"పెట్టుకుంటే నామం చెరిగిపోతాది గదప్పా. ఊరికే ఉండేదే గదా అని తులసి పోసుకున్నా."

గోదా నాలుక కరుచుకుంది. బయలుదేరేటప్పుడు ఈ విషయం మీదే తండ్రీకూతుళ్ళు పోట్లాడుకున్నారు. ఆమె ఓడిపోయింది. నాన్నతో ఏ వాదంలోనూ ఆమె గెలిచింది లేదు. ఆ కసి తీర్చుకోవడానికే లా చదివిందని ఆఫీసులో అందరూ ఆటపట్టిస్తారు.

"సార్, తప్పు మాదే," అంది. "వెనక కూసున్నోళ్ళకీ హెల్మెట్ ఉండాల. చలానా రాయండి, కాదనను. లైసెన్సు, ఆర్సీ నా ఫోన్లో ఉండాయి, ప్రభుత్వం యాపులోనే. సూడండి. యూనిఫాంలో ఉండే పోలీసు అడిగితే సూపించాల్సిన బాధ్యత నాది. కానీ తాళం లాక్కునే అధికారం మీకు ఏ చట్టమూ ఇయ్యలేదు. అది నాకు ఇచ్చేయండి."

"లాయరమ్మా?"

"అవును."

"అనుకున్నా. బండి నిలపమని సెప్పేది మీ చట్టం. నిలిపిన బండి పారిపోకుండా సూసేది ఈ సెయ్యి."

"పారిపోయేటట్టు ఉండామా మేము? బండిని పట్టుకోవాలంటే పట్టుకున్నట్టు రాసి నా చేతికి ఇయ్యండి. ఊరికే జేబులో ఏసుకుంటే అది పట్టుకోవడం కాదు సార్. ఏమనాలో మీకే తెలుసు."

అతని మొహం ఎర్రబడింది. చేతిలోని గుత్తి వైపు చూశాడు. స్కూటరు తాళంచెవి పక్కన, పసుపు దారంతో కట్టి, జానెడు పొడుగు ఇనుప తాళంచెవి ఒకటి వేలాడుతోంది.

"ఇదేంది, చంద్రగిరి కోట బీగంచెవా?"

"గుడిది," అన్నాడు రంగరాజు గర్వంగా. "రెండూ కలిపి నేనే కట్టినా. ఒకటి మరిచిపోయినా ఇంకోటి గ్యాపకం సేస్తాదని."

ఆ పనికిమాలిన తెలివి ఎంత కొంప ముంచబోతోందో ఆ క్షణాన ఆయనకు తెలియదు.

అప్పుడే జీపు వచ్చి ఆగింది. లోపలి నుంచి ఎస్సై గొంతు: "కాన్వాయ్ ముందే వచ్చేస్తా ఉంది! పాయింట్లకు ఎక్కండ్రా!" ఎవరో పెద్దాయన చిత్తూరు వైపు నుంచి కొండకు పోతున్నాడట, దర్శనానికి. భానుచందర్ గుత్తిని జేబులో వేసుకుని, కుంటికాలితోనే ఒక్క ఎగురు ఎగిరి జీపెక్కాడు. "నా తాళం!" అని గోదా అరిచిన అరుపు జీపు వెంట కొంత దూరం పోయి, మంచులో కలిసిపోయింది.

రోడ్డుకు అడ్డంగా తాడు పడింది. తాడుకు అటు తుమ్మలకోన, ఇటు వీళ్ళు. వెనక ఒక పాల వ్యాను, రెండు కార్లు వచ్చి ఆగాయి. కాపలాకు మిగిలింది గంగాధరం అనే హెడ్ కానిస్టేబుల్ ఒక్కడే. నెరిసిన మీసాలు, మెడ చుట్టూ మఫ్లరు.

"ఆయప్ప యాడికి పోయినాడు?" అని అడిగింది గోదా.

"తుమ్మలకోన మలుపు కాడికి. ఆయప్ప పాయింటు ఆడనే."

గోదాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గుడి తాళంచెవి వాళ్ళకంటే ముందే గుడి దగ్గరికి వెళ్ళిపోయింది. దాన్ని తిప్పాల్సిన చేతులు మాత్రం ఇక్కడ తులసి పట్టుకుని కూర్చున్నాయి.

"నడిసి పోతాం. తాడు ఎత్తండి."

"బండి గాదు, మనిషిని గూడా వదలద్దని ఆర్డరు పాపా. కాన్వాయ్ పోనీ."

"మీవాడు చేసింది తప్పని మీకు తెలుసా?"

గంగాధరం మఫ్లరు సర్దుకున్నాడు. "తెలుసు. నువ్వు సెప్పినంతా ఇన్నా. బీగంచెవి తీసే హక్కు మాకు లేదు, ట్రైనింగులోనే సెప్తారు. కానీ పోయిన ఎండాకాలం ఒకడు నిలిపినట్టే నిలిపి, మా భాను కాలి మీద బండి ఎక్కించి పోయినాడు. అప్పట్నించి వాడి సెయ్యి ముందు బీగం మీదికే పోతాది. తప్పే. కాదని నేననను."

ఇంత సూటిగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. పోట్లాడటానికి కట్టుకున్న నడుం కాస్త సడలింది. హక్కు తనదేనని అవతలివాడే ఒప్పేసుకుంటే, ఆ హక్కును ఏం చేసుకోవాలో ఆమె చదివిన చదువులో లేదు. తాళంచెవి మాత్రం భానుచందర్ జేబులోనే ఉంది.

రంగరాజు కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. హెల్మెట్ ఒళ్ళోనే ఉంది. మంచు ఆయన మోకాళ్ళ దాకా వచ్చి, వెనక్కి పోయి, మళ్ళీ వస్తోంది. వెనక చంద్రగిరి కొండ ఒకసారి కనిపించి, ఇంకోసారి చూస్తే లేదు. పాల వ్యాను డ్రైవరు దిగి, ఎవరినీ నిద్ర లేపకూడదన్నట్టు మునివేళ్ళ మీద నడిచి, అద్దం తుడుచుకుని ఎక్కేశాడు.

"ఒక కంటితో సూస్తే లోకం ఎట్లుండాదో తెల్సునా గోదా?" అన్నాడు రంగరాజు. "ముందూ ఎనకా తెలియడం లేదు. మా నాయన నన్ను ఈ దారిలోనే సెయ్యి పట్టుకుని తీసకపోతా ఉండె. ఇప్పుడు గూడా ఆడ, ఆ చెట్టు పక్కన, నిలబడుకోనుండేటట్టే ఉంది."

గోదాకు ఆ గొంతు వింటుంటే భయంలాంటిది కలిగింది. అమ్మకు ఒక మాట చెబుదామని ఫోన్ తీసింది.

"పెద్దగా పెట్టు, నేనూ ఇంటా," అన్నాడాయన. స్పీకరు పెట్టింది.

"అమ్మా, దారిలో పోలీసులు నిలిపినారు. కొంచెం ఆలస్యమవుతాది."

"నిదానంగా రాండమ్మా. మంచు ఎక్కువగా ఉండాది," అంది వకుళాదేవి. "పొంగలి దించి మూత పెట్టినా. సూది గూడా ఏసుకున్నా."

"సూదా? ఎప్పుడేసుకున్నావు?"

"నువ్వు బయల్దేరినామంటివి గదా. అప్పుడే."

గోదా ఫోన్లో టైము చూసింది.

వకుళాదేవికి చక్కెర జబ్బు. రోజూ పొద్దున రంగరాజు పొంగలి గిన్నె ఎత్తుకుని, "బయల్దేరినా" అని గడప దాటుతాడు. ఆ మాట వినగానే ఆమె ఇన్సులిన్ సూది వేసుకుంటుంది. గుడి నాలుగిళ్ళ అవతలే. ఆయన తలుపు తీసి, ఆరగింపు పెట్టి, గంట కొట్టేసరికి తినే వేళ సరిపోతుంది. అన్నేళ్ళ అలవాటు. ఈ రోజు బయలుదేరింది నాలుగిళ్ళ ఇవతలి నుంచి కాదు, తిరుపతి నుంచి. ఆమెకు ఆ తేడా తట్టలేదు. బయల్దేరినామన్న మాట చెవిన పడింది, చెయ్యి సూది మీదికి పోయింది.

"అమ్మా, నా మాట ఇను. ఇప్పుడే ఇంత బెల్లం నోట్లో ఏసుకో. పొంగలైనా తిను."

"స్వామి లేవకుండా నేను తినేదేందే?"

స్వామి తినకుండా ఆమె మంచినీళ్ళైనా ముట్టదు. పెళ్ళయి ఆ ఊరికి వచ్చిన నాటి నుంచీ అంతే. డాక్టర్లు తిట్టారు, కూతురు ఏడ్చింది. ఆమె నవ్వి ఊరుకునేది. ఇంట్లో అర్చకుడు రంగరాజు అయితే కావచ్చు, నియమం మాత్రం ఆమెదే.

"వకుళా, తిను," అన్నాడు రంగరాజు ఫోన్ దగ్గరికి వంగి. "నేను సెప్తా ఉండా."

"మీరు ముందు తలుపు తీయండి," అంది ఆమె. ఆ గొంతులో ఏదో మెత్తదనం వచ్చి చేరింది. "ఏమండీ, ఇంట్లోకి గూడా మంచు వచ్చేసినాది. అంతా తెల్లగా ఉండాది. బాగుండాది. పొంగలి వాసన యాడ్నించో, శానా దూరం నించి వస్తా ఉండాది..."

"అమ్మా!"

"శ్రీకృష్ణకు పాలు కాచాల. అరుగు మీద కూసోనుండాడు, పాపం, సలిలో."

ఇన్నేళ్ళ తర్వాత ఆ పేరు గాలిలోకి వచ్చింది. రంగరాజు వేళ్ళు హెల్మెట్ అంచు మీద బిగుసుకున్నాయి. "మతి తప్పుతా ఉండాది దానికి," అన్నాడు గొణుగుతూ. "వాడు సిన్నప్పుడు ఆ అరుగు మీద కూసుండేది గ్యాపకం వస్తా ఉండాది."

గోదా కూడా అలాగే అనుకుంది. ఫోన్‌లో ఏదో కదిలిన చప్పుడయింది. తర్వాత ఒక మగగొంతు వచ్చింది.

"గోదా, నేను. అమ్మకు సెమటలు పోస్తా ఉండాయి."

ఆ గొంతు ఆమె తరచూ ఫోన్లో వినేదే, కానీ దాని వెనక తమ ఇంటి గోడ గడియారం కొట్టుకోవడం ఎప్పుడూ వినలేదు.

"అన్నా? నువ్వు ఆడెట్లా ఉండావు?"

"నాయన ఊర్లో లేనప్పుడు వస్తా ఉంటాం. రాత్రి ఆయన తిరుపతిలో ఉండాడని తెలిసి, తెల్లారేలోపల సూసి పోదామని వస్తిమి. రూతు గూడా ఉండాది, అమ్మ పక్కనే. మేము వచ్చేటప్పటికే సూది ఏసేసుకుని ఉండాది. సక్కెర పెడితే నోరు తెరవదు. పండ్లు బిగబట్టుకుంటా ఉండాది. తొందరగా రాండి."

ఫోన్ స్పీకరులో ఉందని అతనికి తెలియదు. గోదా తలెత్తి నాన్న వైపు చూసింది. ఆయన మొహం మంచు వైపు తిరిగి ఉంది. తను లేనప్పుడల్లా ఆ గడప దాటి కొడుకు వచ్చిపోతున్నాడు, భార్య వాడికి పాలు కాచి ఇస్తోంది, ఆ పాలగ్లాసు కడిగి బోర్లించిన తర్వాత తను ఇంటికి వస్తున్నాడు. ఇంతకాలం ఒక్కడే శిక్ష వేశాననుకున్నాడు. ఆ శిక్షను ఆయన తప్ప ఆ ఇంట్లో ఎవరూ పాటించలేదు. ఆయన బాధ ఏమిటో చెప్పమంటే ఆయనే చెప్పలేడు. కోపం కంటే ఎక్కువగా, తనను ఒక్కడినే వాకిట్లో వదిలేసి వీళ్ళంతా లోపల కూర్చున్నారన్న దిగులు పట్టుకుంది.

గంగాధరం ఇదంతా తాడు దగ్గర నిలబడి విన్నాడు. వినకూడదనుకుంటూనే విన్నాడు. నడుముకున్న వైర్‌లెస్ సెట్టు మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాడు.

"సెట్టులో మాట్లాడితే ఎస్సై ఇంటాడు," అని తన సొంత ఫోన్ తీశాడు. "రేయ్ భానూ, నీ జేబులో దేవుడి గుడి ఉండాది రా... నవ్వద్దు, ఇను. ఆ పొడుగు బీగంచెవి తుమ్మలకోన గుడిది. ఆడ గుడి తెరవకుంటే ఆ ఊర్లోనే ఒక తల్లి పానం పోతా ఉండాది... ఆ, సూది ఏసుకునిందంట. కనపడతా ఉండాదా గుడి? పో, కాన్వాయ్ వచ్చే లోపల ఇచ్చి రా. మాటొస్తే నా పేరు సెప్పు."

ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని రంగరాజు వైపు తిరిగాడు. "స్వామీ, వాడు ఇచ్చేస్తానంటా ఉండాడు. ఎవరికి ఇయ్యాలంట?"

రంగరాజు హెల్మెట్‌లోని తులసి సర్దాడు.

ఆ గుడి తాళం ఎవరు పడితే వాళ్ళు తీస్తే వచ్చేది కాదు. ముసలి తాళం. దాన్ని ఎడమకు సగం తిప్పాలి, తలుపును మోకాలితో లోపలికి నెట్టాలి, తాళాన్ని కొంచెం పైకెత్తి మిగతా సగం తిప్పాలి. ఆ కిటుకు రంగరాజుకు వాళ్ళ నాన్న నేర్పాడు. రంగరాజు ఒకరికి నేర్పాడు. గోదా ఎన్నిసార్లు అడిగినా, నీకెందుకులే అని నవ్వి ఊరుకున్నాడు.

"నాయనా," అంది గోదా. వాదనలన్నీ ఆమెకు తెలుసు. పొద్దున్నుంచి ఒక కానిస్టేబులు ముందు, ఒక హెడ్ కానిస్టేబులు ముందు గడగడా చదివింది. నాన్న ముందు మాత్రం ఒక్క సెక్షనూ పనికిరాదు. అమ్మ బతకాలంటే ఆయన నోటి నుంచి ఒక్క పేరు రావాలి. ఆ పేరు కోసం ఆమె ఆయన పాదాల దగ్గర, తడి రోడ్డు మీద కూర్చుండిపోయింది.

తూర్పున మంచు కొంచెం రంగు మారింది. ఎక్కడో పాకాల వైపు రైలు కూసింది.

రంగరాజు గొంతు సవరించుకున్నాడు. పేరు పలకలేదు. ఫోన్ వైపు చూడకుండా, కూతురితో చెబుతున్నట్టు అన్నాడు.

"వాడిని అడుగు. ఆ బీగం ఎట్ల తియ్యాల్నో గ్యాపకం ఉండాదా అని."

అవతల గడియారం కొట్టుకుంటోంది. దాని మీదుగా శ్రీకృష్ణ గొంతు చాలా చిన్నగా వినిపించింది.

"ఉండాది నాయనా. ఎడమకు సగం తిప్పి, మోకాలితో..."

"సాల్లే. నాకు నేర్పిస్తావా? తానం అయ్యిందా?"

"అయ్యింది."

"అయితే ఇంకా ఆడేం జేస్తా ఉండావు? పొంగలి ఎత్తుకోని పో."

పరిగెత్తిన అడుగుల చప్పుడు దూరమయింది. "పొంగలి ఎత్తుకోని వచ్చే ఆయప్పకు ఇయ్యి రా భానూ," అన్నాడు గంగాధరం తన ఫోన్లో. గోదా నాన్న మోకాలి మీద తల పెట్టి ఏడ్చేసింది. ఆయన చెయ్యి ఆమె తల మీదికి వచ్చి, హెల్మెట్‌కు తగిలి, అక్కడే ఆగింది. బండి దిగినా ఆమె హెల్మెట్ తీయలేదు.

ఇప్పుడు ఫోన్ రూతు చేతిలో ఉంది. ఆమె మాటలు వీళ్ళతో కాదు. "అత్తా, నన్ను సూడండి. నిద్రపోవద్దు. ఇదో, నా సెయ్యి గట్టిగా పట్టుకోండి." దానికి జవాబుగా వకుళాదేవి ఏదో అంటోంది, మాటలు ఒకదానిలోకి ఒకటి జారిపోతున్నాయి. పెళ్ళినాటి పల్లకి గురించి, పల్లకిలోకి వచ్చిన మంచు గురించి. గోదాకు కూడా ఆ పల్లకి కనిపించింది. తెల్లటి దారిలో, మోసేవాళ్ళ కాళ్ళు కనిపించకుండా, మెల్లగా దూరంగా పోతోంది. ఆపండి, ఆపండి అని అరవాలనిపించింది.

గంట మోగింది.

ముందు సన్నగా, ఫోన్‌లోంచి. తర్వాత ఇంకోసారి, గట్టిగా. గుడి గంట. రంగరాజు లేచి నిలబడ్డాడు. తులసి కొంచెం కింద చిందింది. గంగాధరం టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పాల వ్యానులో డ్రైవరు, ఏ గుడో ఎక్కడో తెలియకుండానే, అద్దం వెనక దణ్ణం పెట్టాడు.

"అమ్మా, గంట మోగింది! తిను!" అంది గోదా.

"మామా," అంది రూతు. ఆమె ఆయనతో మాట్లాడటం అదే మొదటిసారి. గొంతులోని తొందర నర్సుదే. "మామా, ఇంటా ఉండారా? అత్త నోరు తెరవడం లేదు. శ్రీకృష్ణ పెడితే స్వామి తిన్నట్టేనా అని అడగతా ఉండాది. మీరే సెప్పాలంట. మీరు తిన్నాడంటేనే నోరు తెరస్తాదంట. తొందరగా సెప్పండి మామా, కండ్లు మూతలు పడతా ఉండాయి."

ఎంత తిన్నగా అడిగిందో చూడండి వకుళాదేవి. లోకమంతా మంచులో కరిగిపోతున్నా, ఆ ఒక్క ప్రశ్న మాత్రం ఆమెకు చెదరలేదు. నువ్వు వద్దన్న కొడుకు చేతి కూడు నీ దేవుడు తిన్నాడా, లేదా?

రంగరాజు నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే సైరను. మంచును చీల్చుకుంటూ ముందు ఒక జీపు, వెనక కార్లు, దీపాలు, హారన్లు, మళ్ళీ సైరను. రోడ్డు అదిరింది. రంగరాజు ఫోన్ రెండు చేతులతో పట్టుకుని అరుస్తున్నాడు. ఆయన పెదవులు కదలడమే గోదాకు కనిపిస్తోంది. మంత్రం తప్ప ఇంకేదీ గొంతెత్తి పలకని మనిషి, మెడ నరాలు ఉబ్బేలా, నామం మీది చెమట కంటి కట్టులోకి కారేలా అరుస్తున్నాడు. కార్లు పోతూనే ఉన్నాయి. లోపల ఎవరున్నారో, ఏ మొక్కు తీర్చుకోవడానికి పోతున్నారో, ఒక్క అద్దం కూడా దిగలేదు.

చివరి బండి పోయింది. మంచు మళ్ళీ వచ్చి రోడ్డు మీద సర్దుకుంది.

"తిన్నాడు వకుళా!" ఆయన ఇంకా అరుస్తూనే ఉన్నాడు. "తిన్నాడని సెప్పమ్మా రూతూ! వాడి సేతి కూడు స్వామి తిన్నాడు! నువ్వే పెట్టు, నీ సేత్తోనే పెట్టు!"

గోదా ఆయన చేతుల్లోంచి ఫోన్ మెల్లగా తీసుకుంది. గంట చప్పుడు లేదు. రూతు గొంతు లేదు. తెర మీద చూసింది. కాల్ తెగిపోయి ఉంది. సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు.

"కాన్వాయ్‌లో జామరు బండి ఉంటాది పాపా," అన్నాడు గంగాధరం, తల దించుకుని. "అది దగ్గరికొస్తే ఫోన్లు పని సెయ్యవు."

"ఎప్పుడు తెగింది? నాయన సెప్పక ముందా, సెప్పినాకా?"

అతను వంగి, రోడ్డుకు అడ్డంగా కట్టిన తాడు విప్పాడు. పాల వ్యాను కదిలింది, కార్లు కదిలాయి. రంగరాజు హెల్మెట్‌లోని తులసి మొత్తం కల్వర్టు గోడ మీద కుమ్మరించి, ఆ హెల్మెట్ నామం మీదుగా తలకు తొడుక్కుని, స్కూటరు వెనక ఎక్కి కూర్చున్నాడు.

"పద గోదా," అన్నాడు.

గోదా హ్యాండిలు పట్టుకుంది. దారి తెరుచుకుంది. బండికి తాళంచెవి లేదు. అది తుమ్మలకోనలో, గుడి తలుపుకు వేలాడుతోంది.